రిబ్బను కత్తిరించిన మర్నాటి సంగతి: పల్లెల పద్దులు రాసేవారికి బహిరంగ లేఖ

గ్రామీణాభివృద్ధికి, పర్యాటకానికి ప్రజల సొమ్ము కేటాయించే అధికారులకు, ఆ కేటాయింపులకు చెయ్యెత్తే చట్టసభల సభ్యులకు నమస్కారం.

గని మూతపడిన ఊరు, మిల్లు ఎత్తేసిన ఊరు, రైలు ఆగడం మానేసిన ఊరు, చదువుకని వెళ్లిన పిల్లలు తిరిగిరాని ఊరు. దేశం ఏదైనా, ఇలాంటి ఊళ్ల అర్జీల్లో వినబడే మాట ఒకటే. "మాకు కొండ ఉంది, ఏరుంది, అడవి ఉంది. నడవడానికి దారి వేయించండి, సైకిళ్లు తిరిగేలా చేయించండి, పడవ దిగడానికి చిన్న రేవు కట్టించండి. జనం వస్తారు, మేమూ నాలుగు డబ్బులు కళ్లజూస్తాం."

ఆ మాటలో నిజముంది. డబ్బు ఇవ్వమనే నేనూ అడగబోతున్నాను. కాకపోతే మీరు ఇచ్చే తీరు మీద నాకు పేచీ ఉంది. దారి వేయడానికి ఇస్తారు, వేసిన దారి బాగోగులకు ఇవ్వరు. జనాన్ని ఊరికి రప్పించడానికి ఇస్తారు, వాళ్లు తెచ్చిన డబ్బు ఆ ఊళ్లో నిలిచే ఏర్పాటు సంగతి అడగరు. ఈ రెండూ సరిచేయకుండా ఎన్ని కోట్లు పోసినా చిల్లుకుండలో నీళ్లే.

నడక నాకు అలవాటు. తిరిగిన దారుల్లో ఒకదాని గురించి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. ముఖద్వారం అల్లంత దూరం నుంచే కనిపిస్తుంది. దాని పక్కన నల్లరాయి, రాతి మీద బంగారు రంగులో వరసగా పేర్లు. ఇంకో పక్క మరుగుదొడ్లు, వాటికి తాళాలు, తాళాలకు తుప్పు. సమాచార కేంద్రం అద్దాలకు లోపలి నుంచి పాత పేపర్లు అంటించారు. ఇవన్నీ దాటి ముప్పావు గంట నడిచేసరికి దారి లేదు. మోకాలి లోతు గండి, అందులో బయటపడ్డ వేళ్లు, దొర్లిన రాళ్లు. నాకంటే ముందొచ్చినవాళ్లు గండిని తప్పించుకుని పొదల్లోంచి నడిచారు. వాళ్ల వెనక ఇంకొకళ్లు. అలా పక్కపక్కనే మూడు కొత్త దారులు పుట్టాయి, మూడూ కోసుకుపోయాయి. నల్లరాయి మాత్రం చెక్కుచెదరలేదు.

కొండ మీద కాలిబాటకు అసలు శత్రువు నీళ్లు. మనిషి పాదం చేసే నష్టం దాని ముందు లెక్కలోది కాదు. అందుకే పనితెలిసినవాళ్లు బాటను నేరుగా వాలు వెంట దించరు, వాలుకు అడ్డంగా తీసుకెళ్తారు. నడిచే జాగాను లోయ వైపుకు చూసీచూడనట్టు వంచుతారు, పడిన నీరు బాట వెంట పరుగెత్తకుండా పక్కకు జారిపోవడానికి. దిగుడు ఎక్కువగా ఉన్నచోట బాటను కాస్త పైకెత్తి మళ్లీ దించుతారు. నీరు అక్కడికి వచ్చి ఎక్కలేక బయటికి మళ్లుతుంది. మరీ అవసరమైతే రాళ్లతో ఏటవాలుగా అడ్డుకట్టు పెడతారు. ఇంత తెలివిగా వేసిన బాటను పాడుచేయడానికి రాలిన ఆకులు చాలు. నీరు బయటికి పోయే సందులో ఆకులు చేరతాయి, వాటి మీద మట్టి పేరుకుంటుంది. తర్వాతి వానకు దారి దొరకని నీరు బాటనే కాలవ చేసుకుంటుంది. ఒక మనిషి పార పట్టుకుని ఆ సందు తీయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల పని చేసే మనిషి లేకనే నేను చూసిన గండి పడింది. దాన్ని పూడ్చాలంటే ఇప్పుడు రాయి మోయాలి, అంచనాలు వేయాలి, టెండరు పిలవాలి. ఆ తర్వాత మళ్లీ ఒక ప్రారంభోత్సవం.

మీ వైపు నుంచి చూస్తే ఇది ఎందుకిలా జరుగుతుందో నాకు అర్థమవుతుంది. కొత్తది కడితే మూలధన వ్యయం. లెక్కల్లో ఆస్తిగా నిలబడుతుంది, ఫొటోలో బాగుంటుంది. ఉన్నదాన్ని ఊడ్చి, తుడిచి, పూడ్చి ఉంచడం రెవెన్యూ వ్యయం. ఏ ఏడు చేతులు బిగిసినా మొదటి కోత దానికే. పార పట్టిన మనిషి జీతం ఏ రిజిస్టరులోనూ ఆస్తిగా ఎక్కదు. ఈ ఒక్క వర్గీకరణ పాడుచేసినన్ని బాటలు వరదలు కూడా పాడుచేయలేదేమో అనిపిస్తుంది.

ఇక్కడ ఆర్థిక శాఖవారు అడగబోయేది నాకు తెలుసు. నడిచేవాళ్లు నడుస్తారు, హోటలువాళ్లు సంపాదించుకుంటారు, మధ్యలో ఖజానాకేం పని? హోటలువాళ్లనే దారి వేసుకోమనండి అని. అది జరగదు. దారికి పది ఊళ్లు తగులుతాయి, వంద పొలాల గట్లు తగులుతాయి. లాభం ఆ పది ఊళ్లలోని దుకాణాలకు, బసలకు, సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లకు చిన్న చిన్న మొత్తాలుగా పంచుకుపోతుంది. ఒక్కరికే అంత లాభం రాదు కాబట్టి ఒక్కరూ పెట్టుబడి పెట్టరు. బాట మొదట్లో గేటు పెట్టి టికెట్టు అమ్మడం కూడా అన్నిచోట్లా కుదిరే పని కాదు. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని భూమి మీద ఎవరైనా నడిచిపోవచ్చు. అందరిదీ అయిన దారికి అందరి డబ్బే పెట్టాలి.

ఆ దారుల విలువ ఎంతో బ్రిటన్‌కు 2001లో తెలిసొచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో పశువులకు గాలికుంటు వ్యాధి బయటపడింది. వ్యాధి పాకకుండా అరవై లక్షలకు పైగా పశువులను చంపేశారు. అదే జాగ్రత్తతో పల్లెల్లోని కాలిబాటలు దాదాపు అన్నీ మూసేశారు. అప్పటికి అందరి కళ్లూ పశువుల మీదే. ఏడాది గడిచి లెక్కలు తీస్తే వ్యవసాయ, ఆహార రంగాలకు దాదాపు 310 కోట్ల పౌండ్ల నష్టమని తేలింది. అందులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం పరిహారంగా పూడ్చింది. పర్యాటకం మీద బతికే వ్యాపారాలకు కూడా ఇంచుమించు అంతే నష్టమని తేలింది. వాళ్లకు మాత్రం ఆ స్థాయి పరిహారం అందలేదు. పల్లె అంటే పొలమూ పశువూ అనుకుంటూ వచ్చిన అధికారులకు, బాట మీద నడిచే బయటి మనిషి కూడా ఆ పల్లెకు ఒక పంటేనని ఆ ఏడాది గానీ బోధపడలేదు.

న్యూజిలాండ్‌లోని ఒటాగో ప్రాంతం కథ దీనికి అవతలి వైపుది. క్లైడ్ నుంచి మిడిల్‌మార్చ్ దాకా ఉన్న రైలు మార్గంలో 1990లో రైళ్లు ఆగిపోయాయి. 1993లో ఆ మార్గాన్ని ప్రభుత్వ పరిరక్షణ శాఖ తీసుకుంది. పట్టాలు పోయిన చోట కంకర పరిచారు, పాత వంతెనల మీద నడిచేందుకు చెక్కలు వేసి పక్కన పిట్టగోడల్లా కమ్మీలు కట్టారు. 2000లో సుమారు 150 కిలోమీటర్ల దారి నడిచేవాళ్లకు, సైకిళ్లకు తెరుచుకుంది. రాన్‌ఫర్లీ, ఓటురెహువా, ఒమకావు లాంటి చిన్న ఊళ్లు ఆ దారి మీదే ఉన్నాయి. మూలనపడ్డ పాత కట్టడాలు బసలుగా మారాయి.

ఆ దారి ఎందుకు నిలబడిందో చూస్తే రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, రైలింజను నిట్టనిలువు ఎక్కలేదు. కాబట్టి ఆ మార్గంలో ఎక్కడా ఊపిరాడని ఎగుడు లేదు. అరవై దాటినవాళ్లు కూడా తీరిగ్గా తొక్కుకుంటూ పోగలరు. తీరికా చేతిలో కాస్త డబ్బూ ఉండేది ఆ వయసువాళ్లకే. రెండోది, 150 కిలోమీటర్లు ఒక్క రోజులో అయ్యేవి కావు. మూడు రోజులో నాలుగు రోజులో పడుతుంది. అంటే ప్రతి మనిషీ దారి పక్క ఊళ్లలో రెండు మూడు రాత్రులు పడుకుని తీరాలి. పొద్దున కారులో వచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్నది తిని, చెత్త మాత్రం వదిలి సాయంత్రానికి వెళ్లిపోయే పదిమంది కంటే, ఒక రాత్రి ఆగే ఒక్క మనిషి ఊరికి ఎక్కువ మిగులుస్తాడు. మీకు వచ్చే నివేదికల్లో సందర్శకుల సంఖ్య అని ఒక గడి ఉంటుంది. అందులో తలలు లెక్కపెట్టడం మాని రాత్రులు లెక్కపెట్టించండి.

ఐర్లండ్ పడమటి తీరంలో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా 42 కిలోమీటర్ల గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే కూడా పాత రైలు మార్గమే. 1937లో మూతపడిన ఆ మార్గం భూమి మళ్లీ రైతుల చేతుల్లోకి పోయింది. భూసేకరణ నోటీసులు ఇచ్చి ఉంటే కోర్టుల్లో ఏళ్లు గడిచేవి. అలా కాకుండా రైతులతో కూర్చుని మాట్లాడారు. దారి మీద నడవనివ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారు, భూమి వాళ్లదిగానే ఉండిపోయింది. 2010లో కొంత భాగం, 2011లో మొత్తం తెరిచారు. ఒక్కో రైతు ఇంటికీ వెళ్లి మాట్లాడి ఒప్పించే మనిషి జీతం ఏ ఇంజనీరింగ్ అంచనాలోనూ ఉండదు. ఆ మనిషి లేకుండా ఆ దారీ లేదు. మీ పథకాల్లో అలాంటి ఖర్చుకు చోటు పెట్టండి.

ఈ విజయాలు చూసి ఉత్సాహపడే మంత్రులకు ఒక మాట. 2009లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు న్యూజిలాండ్ ప్రధాని జాన్ కీ ఉద్యోగాల సదస్సు పెట్టారు. దేశం ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే సైకిల్ బాట వేయాలన్న ఆలోచన అక్కడ గట్టిగా వినిపించింది. 5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు కేటాయించారు. పని మొదలయ్యేసరికి ఒకే బాట మాట పక్కకు పోయి, ఎక్కడికక్కడ విడివిడి బాటలు వచ్చాయి. ఇది మంచికే జరిగిందని నా అభిప్రాయం. ఊరి జనం పూనుకున్నచోట బాట నిలుస్తుంది. పటం మీద గీత కలవాలని మధ్యలో వేసిన ముక్కకు దిక్కెవరు? అక్కడ కూడా తర్వాత మరమ్మతుల కోసం వేరే నిధి పెట్టాల్సి వచ్చింది. ముందే పెట్టుకుని ఉంటే సరిపోయేది.

అంకెల దగ్గర కూడా కాస్త జాగ్రత్త పడమని మనవి. ఆరుబయటి విహారానికి డబ్బు అడిగే ప్రతి అర్జీలోనూ అమెరికా లెక్క ఒకటి కనబడుతుంది. అక్కడి ఆర్థిక విశ్లేషణ సంస్థ 2023కి గాను ఈ రంగం వాటా 63,950 కోట్ల డాలర్లని, జాతీయోత్పత్తిలో 2.3 శాతమని, 50 లక్షల ఉద్యోగాలని లెక్క కట్టింది. అంకె తప్పు కాదు. అయితే అందులో పడవల తయారీ ఉంది, చక్రాల ఇళ్ల తయారీ ఉంది, గోల్ఫు ఉంది, వినోద పార్కులు ఉన్నాయి, ప్రయాణపు ఖర్చు కూడా ఉంది. పడవ తయారయ్యేది ఎక్కడో ఫ్యాక్టరీలో, టెంటు అమ్ముడుపోయేది నగరంలో. కొండ కింద ఊరికి అందులో ఎంత చేరిందో ఆ అంకె చెప్పదు. దేశం మొత్తం లెక్కను ఒక ఊరి అర్జీకి అతికించి తెచ్చేవాళ్లను, మీ ఊళ్లో ఎన్ని బసలున్నాయి, చలికాలంలో అవి తెరిచి ఉంటాయా అని అడగండి. జవాబు దొరికితే ఆ అర్జీ మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మరుగుదొడ్ల మాట ఎత్తితే సభల్లో నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు, నేనెత్తుతాను. కొద్ది వందల ఇళ్లు పన్ను కట్టే ఊరికి వేసవిలో వేలమంది వచ్చి పడితే, ఆ మరుగుదొడ్లు కడిగే ఖర్చు, చెత్త ఎత్తే ఖర్చు, మురుగునీటి ఖర్చు ఆ కొద్ది ఇళ్ల మీదే పడుతుంది. వచ్చినవాళ్లు కొన్న వస్తువుల మీద పన్ను మాత్రం రాజధానికి పోతుంది. ఖర్చు ఊరిది, రాబడి కేంద్రానిది. న్యూజిలాండ్ 2017లో ఈ తిరకాసును ఒప్పుకుని చిన్న పాలక సంఘాలకు మరుగుదొడ్లు, బండ్లు ఆపుకునే జాగాలు కట్టుకోవడానికి నాలుగేళ్లకు సుమారు 10 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి పెట్టింది. ఏ పత్రికకూ మొదటి పేజీ వార్త కాని ఖర్చు అది. అంత తెలివైన ఖర్చు మరొకటి నేను చూడలేదు.

ఐస్‌లాండ్‌కు ఈ తెలివి దెబ్బతిన్నాక వచ్చింది. అక్కడ ఫ్యాద్రార్‌గ్లూవుర్ అనే లోయ ఉంది. ఒక పాప్ గాయకుడి వీడియో 2015లో వచ్చాక జనం విరగబడ్డారు. లోయ అంచున పెరిగే నాచు వాళ్ల కాళ్ల కింద బురదయింది. ఆ చలిదేశంలో నాచు మళ్లీ పెరగాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది. 2019లో లోయనే కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. చూడదగ్గ చోట్ల రక్షణకు ఆ దేశంలో 2011 నుంచే ఒక నిధి ఉంది. నిధి నడిచిన వేగం కంటే జనం వచ్చిన వేగం ఎక్కువైంది, అంతే.

దానికి దగ్గర్లోని ఫారో దీవులవాళ్లు అదే 2019లో ఇంకో దారి తొక్కారు. ఏప్రిల్‌లో ఒక వారాంతం జనం ఎక్కువగా వెళ్లే చోట్లను 'మరమ్మతుల కోసం మూసివేశాం' అని బోర్డు పెట్టి, పనిచేసేవాళ్లు మాత్రం రావచ్చన్నారు. లోకం నలుమూలల నుంచీ వచ్చిన అర్జీల్లోంచి సుమారు వందమందిని ఎంచుకున్నారు. తిండి, బస వాళ్లే ఇచ్చారు. వచ్చినవాళ్లు రాళ్లు మోశారు, బాటలు సరిచేశారు, దారి చూపే గుర్తులు నిలబెట్టారు. వందమంది రెండు మూడు రోజులు చేసే పనితో దేశం బాగుపడదన్న సంగతి వాళ్లకూ తెలుసు. కానీ నిర్వహణ అనే పనిని దాచుకోకుండా పండగలా చేసి చూపించారు. ప్రారంభోత్సవానికి పిలిచినట్టు మరమ్మతుకు కూడా అతిథుల్ని పిలవొచ్చని మీరెప్పుడైనా అనుకున్నారా?

డబ్బున్న దేశాలు ఈ పని సవ్యంగా చేస్తాయన్న భ్రమ కూడా అక్కర్లేదు. అమెరికాలో 1964లో భూమి, నీటి పరిరక్షణ నిధి అని చట్టం చేశారు. ఆలోచన గొప్పది. 1968లో చేసిన సవరణ ప్రకారం, సముద్రంలో తవ్వే చమురు, సహజవాయువు మీద వచ్చే రాయల్టీలో కొంత తీసి పార్కులకు, బాటలకు, ఆటస్థలాలకు పెట్టాలి. భూమి నుంచి తీసినదానికి బదులు భూమికే ఏదో ఇవ్వాలి. తర్వాత్తర్వాత ఏడాదికి 90 కోట్ల డాలర్లు అని పరిమితి రాసుకున్నారు. రాసుకున్నదొకటి, ఇచ్చిందొకటి. ఏటా బడ్జెట్ సమయంలో ఆ డబ్బు ఇతర ఖర్చులకు మళ్లింది. అర్ధశతాబ్దంలో ఆ పద్దు కింద జమపడిన దాంట్లో సగం కూడా అసలు పనికి చేరలేదు. చివరికి 2020లో చట్టం చేసి, ఏటా 90 కోట్లూ తప్పనిసరిగా ఇచ్చి తీరాలన్నారు. అదే చట్టంలో మరమ్మతు బకాయిల కోసం అయిదేళ్ల పాటు ఏడాదికి 190 కోట్ల డాలర్ల దాకా విడిగా పెట్టారు. అయినా జాతీయ పార్కుల మరమ్మతు బకాయి 2023 నాటికి 2,300 కోట్ల డాలర్లు దాటింది. లెక్క కట్టే పద్ధతి మారడం కూడా అందుకు ఒక కారణమే. కానీ దశాబ్దాల పాటు తీయని ఆకులు అలా పేరుకుంటాయి మరి.

ఈ కథలో నాకు నచ్చేది ఆ నిధికి ఊట ఉండడం. ఒక ఆదాయాన్ని ఒక పనికి కట్టిపడేయడం. నచ్చనిది ఆ కట్టు ఏటా విప్పగలిగేలా వదులుగా వేయడం. మీరు చట్టం రాసేటప్పుడు ఈ ముడి గట్టిగా వేయండి.

ఇప్పుడు నా రెండో పేచీకి వస్తాను. జనం వచ్చారు, ఖర్చుపెట్టారు. ఆ డబ్బు ఊళ్లో ఎంతసేపు నిలిచింది? బస నగరంలోని కంపెనీది, గైడు నగరం నుంచి వచ్చినవాడు, తిండి సరుకులు లారీలో దిగినవి, ప్రవేశ రుసుము నేరుగా ఖజానాకు. అలాంటప్పుడు ఊరికి దక్కేది దుమ్మే.

నేపాల్‌లో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతాన్ని 1986లో గాంద్రుక్ గ్రామం దగ్గర మొదలుపెట్టారు. కొండలెక్కడానికి వచ్చేవాళ్లకు వండిపెట్టడానికి, వేణ్ణీళ్లు కాచివ్వడానికి బసలవాళ్లు అడవిని కొట్టి పొయ్యిలో పెడుతున్న రోజులవి. వచ్చేవాళ్లను ఆపలేదు, ప్రవేశ రుసుము పెట్టారు. ఆ రుసుము రాజధానికి పోకుండా ఆ ప్రాంతాన్ని చూసుకునే ట్రస్టుకే వెళ్లి అక్కడే ఖర్చయ్యేలా చూశారు. కట్టెల బదులు కిరోసిన్ దొరికే ఏర్పాటు చేశారు. బసలవాళ్లంతా ఒక కమిటీగా ఏర్పడి ధరలు ఒకేలా నిర్ణయించుకున్నారు. దాంతో ఒకళ్ల మీద ఒకళ్లు పోటీపడి ధర తగ్గించుకుని అందరూ నష్టపోయే పద్ధతికి కళ్లెం పడింది. ఈ చివరి సంగతి చూడడానికి చిన్నదే. కానీ పల్లెలో పర్యాటకం చూసినవాళ్లకు తెలుస్తుంది, ధర తెగ్గొట్టుకునే పోటీ ఎంత మందిని ముంచుతుందో. జాతీయ పార్కుల చుట్టుపక్కల ఊళ్లకు పార్కు రాబడిలో 30 నుంచి 50 శాతం దాకా ఇవ్వాలని 1993లో నేపాల్ చట్టమే చేసింది.

రువాండాలో గొరిల్లాలను చూడ్డానికి ఇచ్చే అనుమతి ధర 2017లో 750 డాలర్ల నుంచి 1,500 డాలర్లకు పెంచారు. పార్కుల చుట్టూ బతికే ఊళ్లకు రాబడిలో ఇచ్చే వాటాను కూడా 5 శాతం నుంచి 10 శాతానికి పెంచారు. అడవి జంతువు పంట తొక్కినప్పుడు ఆ రైతు దాన్ని ఏం చేస్తాడన్నది ఆ వాటా మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. అయినా 10 శాతం నాకు తక్కువే అనిపిస్తుంది.

డబ్బు బాగా వచ్చినచోట కూడా ఊరు ఊరివాళ్లకు దక్కకుండా పోవచ్చు. అమెరికాలో యూటా రాష్ట్రపు మోవాబ్ 1950లలో యురేనియంతో వెలిగింది. 1984లో యురేనియం మిల్లు మూతపడడంతో కుదేలైంది. ఆ ఊరి పక్కనే ఇసుకరాతి గుట్టల మీద 1969లో మోటారుసైకిళ్ల కోసం గుర్తుపెట్టిన స్లిక్‌రాక్ బాట ఉంది. బాట అంటే తవ్విందేమీ లేదు, బండల మీద తెల్లరంగు గీతలు, అంతే. కొండ సైకిళ్లు వచ్చాక లోకమంతా ఆ గీతల వెంట తొక్కడానికి వచ్చింది. ఊరు లేచి నిలబడింది. ఇప్పుడు అక్కడ హోటలు గదులు తుడిచేవాళ్లకూ, సైకిళ్లు బాగుచేసేవాళ్లకూ అద్దె ఇల్లు దొరకడం గగనమైపోయింది. ఇళ్లన్నీ వచ్చిపోయేవాళ్ల బసలైపోతే ఊళ్లో బడికి పిల్లలెక్కడి నుంచి వస్తారు? బాటకు గ్రాంటు ఇచ్చేటప్పుడే, పనివాళ్లు ఎక్కడ కాపురం ఉంటారని అడగడం మీ బాధ్యత. ఆ తర్వాత అడిగితే భూమి ధర వినడానికే భయమేస్తుంది.

ఇంకో మాట, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. బాట వేసేది బయటివాళ్ల కోసమే అనుకుంటే ఆ బాటకు ఆయుష్షు తక్కువ. ఊళ్లో ముసలివాళ్లు పొద్దున్నే నడవడానికి, పిల్లలు సైకిల్ మీద బడికి పోవడానికి పనికొచ్చే బాట అయితే, దాని మీద చెట్టు పడిన రోజునే ఎవరో ఒకరు తప్పిస్తారు. టూరిస్టుల సీజన్ అయిపోయాక కూడా ఆ బాట మీద అడుగులు పడుతూనే ఉంటాయి.

ఇక నేను అడిగేవి. బాటకు డబ్బిచ్చే ప్రతి ఉత్తర్వులోనూ పదేళ్ల నిర్వహణ ఖర్చు విడి ఖాతాలో ముందే జమ చేయించండి. దాంతో బాట పొడవు మూడో వంతు తగ్గినా నష్టం లేదు. ఆ పని చేసేవాళ్లను ఆ ఊళ్ల నుంచే, సీజన్ పేరుతో నాలుగు నెలలకు కాకుండా ఏడాది పొడుగునా జీతం మీద పెట్టుకోండి. బాట బాగుంచడం నేర్చుకోవాల్సిన విద్య, ఏటా మనిషి మారితే ఆ విద్య కూడా పోతుంది. రుసుము వసూలు చేసేచోట ఊరి వాటా అదే ఏడాది ఊరి ఖాతాకు చేరాలి. మూడేళ్ల తర్వాత వచ్చే వాటా మీద ఎవరికీ నమ్మకం ఉండదు. బాట మొదటికి బస్సు వెళ్లకపోతే ముందు బస్సు సంగతి చూడండి. లేదంటే కారున్నవాళ్లకే కొండ దక్కుతుంది, ఊరికి పొగ దక్కుతుంది. కొండ మీద కాలు విరిగినవాళ్లను మోసుకొచ్చేది ఎవరన్నది కూడా కాగితం మీద ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్ కొండల్లో ఆ పని జీతం లేని స్వచ్ఛంద బృందాలే చేస్తున్నాయి. వాళ్ల మంచితనం మీద పథకం నడపడం మర్యాద కాదు. బాట తెరవక ముందు ఊళ్లో ఎన్ని దుకాణాలు, ఎన్ని గదులు ఉన్నాయో ఒకసారి, మూడేళ్లకు మరోసారి లెక్క తీయించండి. పెరగకపోతే పెరగలేదని రాయండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు, ఇంకో ఊరికి అదే తప్పు చేయకుండా ఉండొచ్చు.

అన్ని ఊళ్లకూ ఇది మందు కాదని కూడా ఒప్పుకోవాలి. కొండ లేని ఊరికి కొండ తేలేం. రోడ్డుకు మరీ దూరమైన ఊరికి, బస నడిపే ఓపిక ఉన్నవాళ్లు ఎవరూ మిగలని ఊరికి బాట వేసి జనాన్ని తోలితే అది వాళ్లకు ఇంకో బరువు. అలాంటి ఊరికి ఆసుపత్రో, బడో ముందు కావాలేమో వాళ్లనే అడగండి.

వచ్చే విడత అర్జీలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు రంగు బొమ్మల పేజీ పక్కన పెట్టి చివరి పేజీ తెరవండి. నిర్వహణ ఎవరిది అన్న గడి అక్కడుంటుంది. అందులో 'స్థానిక సంస్థలు చూసుకుంటాయి' అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ఫైలు వెనక్కి పంపండి. పార పట్టే మనుషులు ఎంతమంది, వాళ్ల జీతం ఎంత, అది ఏ పద్దులోంచి వస్తుంది అన్నది రాసి మళ్లీ పంపమనండి.

ఇట్లు,
ఒక బాటసారి